పీఎస్‌ఏ పరీక్ష ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి: ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పద్ధతి

మగవాళ్లలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి ప్రోస్టేట్. వయసులో ఉన్నప్పుడు దాని బరువు సుమారు 20 గ్రాములు. యాభై దాటాక చాలామందిలో అది పెరుగుతుంది. మూత్రధార సన్నబడుతుంది, ముక్కాల్సి వస్తుంది, రాత్రి రెండు మూడు సార్లు లేవాల్సి వస్తుంది. ఇది వయసుతో వచ్చే వాపు, క్యాన్సర్ కాదు. క్యాన్సర్ చాలావరకు గ్రంథి వెలుపలి అంచున, మూత్రనాళానికి దూరంగా మొదలవుతుంది. పది కేసుల్లో ఏడు అలాంటివే. అందుకే తొలిదశలో ధారకు అడ్డం రాదు, నొప్పీ ఉండదు. "నాకు మూత్రం బాగానే వస్తోంది, పరీక్ష ఎందుకు?" అనేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే. ధార సన్నబడిందని క్యాన్సర్ ఉన్నట్టు కాదు, ధార బాగుందని లేనట్టూ కాదు.

కాబట్టి లక్షణాల కోసం కాచుకుని కూర్చుంటే ముందే పట్టుకోవడం కుదరదు. తగిన వయసులో, తగిన రోజు చూసి పీఎస్‌ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్‌ను కొలిచే) రక్తపరీక్ష చేయించుకోవాలి. వచ్చిన అంకెను నిదానంగా చదవాలి. ఊళ్లలో ప్రభుత్వ సిబ్బంది చేసే పరీక్షల్లో బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను చూస్తారు. ప్రోస్టేట్ ఆ జాబితాలో లేదు, కాబట్టి అడిగి చేయించుకోవాల్సింది మీరే.

ముందుగా, నివారణ ఎంతవరకు సాధ్యం

ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణాలు వయసు, వంశం, జన్యువులు. మూడూ మార్చలేనివే. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి గానీ, వాటితో క్యాన్సర్ రాకుండా పూర్తిగా ఆపేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

ఊబకాయం ఉన్నవారిలో ప్రాణాంతకమైన రకం ఎక్కువ. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. వారానికి 150 నిమిషాలు, చెమట పట్టేలా నడవండి. బీడీ, సిగరెట్ తాగేవారికి ఈ జబ్బు వస్తే దానివల్ల చనిపోయే ముప్పు ఎక్కువ. మానేయడానికి ఆలస్యమైపోయిందనే వయసంటూ లేదు. మిర్చి, పత్తి చేలలో మందు కొట్టేవాళ్లకు ఇంకో మాట. మలాథియాన్ అనే పురుగుమందును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో "బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే వర్గంలో చేర్చింది. మనుషుల్లో దొరికిన పరిమిత ఆధారాల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా ఉంది. చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. గాలికి ఎదురు నిలబడి కొట్టకండి. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి.

ఇక మాత్రల సంగతి. 35,000 మందికి పైగా మగవాళ్లతో అమెరికాలో చేసిన పెద్ద ప్రయోగంలో విటమిన్ ఈ, సెలీనియం ఇచ్చి చూశారు. సెలీనియం ఉపయోగపడలేదు. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఈ తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. మంచిదే కదా అని రోజూ వేసుకునే మాత్ర చేసిన పని అది. టమాటా, గుమ్మడి గింజలు తినండి, ఆహారంగా మంచివే. కానీ వాట్సాప్‌లో తిరిగే "గుమ్మడి గింజలతో ప్రోస్టేట్ క్యాన్సర్ మాయం" లాంటి మాటలకు రుజువు లేదు. గ్రంథి వాపుకు వాడే ఫినాస్టెరైడ్ మాత్రతో కేసులు సుమారు పావు వంతు తగ్గాయని 2003లో ఒక ప్రయోగం చూపింది. అయినా నివారణ కోసం ఆ మందును ఎవరూ మామూలుగా రాయరు. మీరూ సొంతంగా మొదలుపెట్టకండి.

మొదటి అడుగు: ఇంటి చరిత్ర రాబట్టండి

తండ్రికో, సొంత అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉంటే మీ ముప్పు సుమారు రెట్టింపు. ఇద్దరికి ఉన్నా, చిన్న వయసులో వచ్చినా ఇంకా ఎక్కువ. మన ఇళ్లలో చిక్కేమిటంటే జబ్బు పేరు ఎవరూ బయటికి చెప్పరు. "తాతయ్యకు మూత్రం ఆపరేషన్ అయింది" అని ఊరుకుంటారు. అందుకని నేరుగా "క్యాన్సరా?" అని అడగడం కన్నా ఇలా అడిగితే నిజం బయటపడుతుంది: వృషణాలు తీసేశారా? నెలకో, మూడు నెలలకో ఒకసారి హార్మోను ఇంజెక్షన్ వేసేవారా? నడుము ఎముకల్లోకి పాకిందని డాక్టరు అన్నారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా అది మామూలు వాపు కాకపోవచ్చు. పాత ఫైల్లో బయాప్సీ (ముక్క తీసి చూసే పరీక్ష) కాగితం ఉందేమో వెతకండి.

అమ్మ వైపు కూడా అడగాలి, ఇది చాలామంది వదిలేస్తారు. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉంటే ఆడవాళ్లలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు, మగవాళ్లలో దూకుడుగా పెరిగే ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తాయి. ఆ లోపం తల్లి నుంచీ రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. అమ్మకో, అక్కచెల్లెళ్లకో, మేనత్తకో, పిన్నికో యాభై లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట యూరాలజిస్టుకు (మూత్ర సంబంధ వ్యాధుల డాక్టరుకు) తప్పకుండా చెప్పండి.

రెండో అడుగు: మీ వయసు ఎక్కడ ఉంది

కుటుంబంలో ఎవరికీ లేకపోతే 50 ఏళ్లకు మొదటి పీఎస్‌ఏ. తండ్రికో, సోదరుడికో ఉంటే 45కు. బీఆర్‌సీఏ2 లోపం ఉందని తేలితే 40కి. ఆ మొదటి అంకె మీ ఆనవాలు. దాన్ని రాసి దాచుకోండి.

ఆ తర్వాత ఏటేటా చేయించాల్సిన అవసరం అందరికీ లేదు. నలభైల్లో 1 లోపు, అరవై దగ్గర 2 లోపు ఉన్నవారు ఎనిమిదేళ్ల దాకా ఆగినా ఫర్వాలేదని యూరప్ యూరాలజిస్టుల సలహా. అంతకు మించి ఉంటే రెండేళ్లకోసారి. బీఆర్‌సీఏ2 వారికి మాత్రం ఏటా. ప్రతి ఏడూ హెల్త్ చెకప్ ప్యాకేజీలో పీఎస్‌ఏ కలిపి అమ్మే ల్యాబులు ఈ లెక్క చెప్పవు.

పరీక్ష వల్ల మేలెంతో కూడా తెలుసుకుని వెళ్లండి. యూరప్‌లో 23 ఏళ్లు అనుసరించిన పెద్ద అధ్యయనంలో పరీక్షకు పిలిచిన గుంపులో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. దీనికి రెండో వైపు కూడా ఉంది: ఎన్నటికీ హాని చేయని చిన్న క్యాన్సర్లు బయటపడటం, వాటికి అనవసరంగా ఆపరేషన్లు జరగడం, మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన దెబ్బతినడం. ఈ రెండో వైపును అదుపులో పెట్టడానికే కింద చెప్పే అడుగులన్నీ.

మూడో అడుగు: పరీక్ష రోజు ఎంచుకోవడం

సగం తప్పులు జరిగేది ఇక్కడే. పీఎస్‌ఏ క్యాన్సర్ గుర్తు కాదు, ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్. గ్రంథికి ఏ కదలిక కలిగినా, మంట పుట్టినా అది రక్తంలోకి ఎక్కువగా వస్తుంది.

- మూత్రంలో మంట, జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గాక ఆరు వారాలు ఆగండి. ఇన్ఫెక్షన్‌లో పీఎస్‌ఏ ఒక్కోసారి పదులు దాటిపోతుంది.
- మూత్రం బిగిసిపోయి పైపు వేసినా, గొట్టం పెట్టి లోపల చూసినా, బయాప్సీ జరిగినా అంతే, ఆరు వారాలు. ఆసుపత్రిలో పైపుతో ఉన్న పెద్దాయనకు పీఎస్‌ఏ రాయడం, అది 30 వస్తే ఇంటిల్లిపాదీ ఏడవడం మామూలుగా జరిగేదే.
- వీర్యస్ఖలనం, సైకిల్ తొక్కడం, జిమ్‌లో గట్టి వ్యాయామం 48 గంటల ముందు నుంచి మానండి.
- జుట్టుకు, గోళ్లకు వాడే బయోటిన్ మాత్రలు 5, 10 మిల్లీగ్రాములవి ఉంటాయి. కొన్ని యంత్రాల్లో ఇవి పీఎస్‌ఏను తక్కువగా చూపిస్తాయి. మూడు రోజుల ముందు ఆపేయండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. ధార కోసం వాడే మందుల్లో డ్యుటాస్టెరైడ్ లేదా ఫినాస్టెరైడ్ ఉంటే ఆరు నెలల నుంచి ఏడాదిలో పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది. బట్టతలకు వాడే 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ కూడా అదే పని చేస్తుంది. టామ్సులోసిన్ ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు. కానీ చాలా స్ట్రిప్పుల్లో టామ్సులోసిన్ 0.4, డ్యుటాస్టెరైడ్ 0.5 కలిసే ఉంటాయి. స్ట్రిప్పు వెనక మందు పేరు చదవండి, లేదా ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. మందు ఆపవద్దు. అంకెను రెండుతో గుణించి చూడాలి: రిపోర్టులో 2.6 ఉంటే అసలు సంగతి 5.2. ఆ మందు వాడుతుండగా పీఎస్‌ఏ కనిష్ఠానికి దిగి మళ్లీ పైకి ఎక్కుతుంటే, అంకె ఎంత చిన్నదైనా అనుమానించాల్సిందే. అందుకే ఈ మందు మొదలుపెట్టే ముందే ఒక పీఎస్‌ఏ చేయించి ఉంచుకోవాలి.

నాలుగో అడుగు: ల్యాబులో

పరగడుపున ఉండాల్సిన పని లేదు, ఏ పూటైనా రక్తం ఇవ్వొచ్చు. "టోటల్ పీఎస్‌ఏ" అని అడిగితే చాలు. ఫ్రీ పీఎస్‌ఏ (రక్తంలో వేరే ప్రొటీన్లకు అంటుకోకుండా విడిగా తిరిగే భాగం) మొదటే అక్కర్లేదు. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. కంపెనీని బట్టి యంత్రాల కొలతల్లో తేడా ఉంటుంది. ఒకచోట 3.4, ఇంకోచోట 4.1 వస్తే అది పెరుగుదల కాకపోవచ్చు. అదే రోజు డాక్టరు వేలి పరీక్ష చేయాల్సి ఉంటే రక్తం ముందు ఇచ్చేయండి.

వేలి పరీక్ష అంటే సిగ్గుపడేవాళ్లే ఎక్కువ. పక్కకు తిరిగి మోకాళ్లు పొట్టకు ముడిచి పడుకుంటే అర నిమిషంలో అయిపోతుంది. గ్రంథి వెనక భాగంలో గట్టిగా గడ్డలా తగిలితే పీఎస్‌ఏ బాగున్నా ముందుకు వెళ్లాలి. ఏమీ తగలకపోతే మాత్రం దాన్నే భరోసాగా తీసుకోకూడదు.

ఐదో అడుగు: అంకె చదవడం

రిపోర్టులో 0–4 అని అచ్చు వేసి ఉంటుంది. ఆ గీతకు ఇవతల అంతా క్షేమం, అవతల అంతా క్యాన్సర్ అనుకోకండి. 4 లోపు ఉన్నవారికి కూడా బయాప్సీ చేసి చూసిన ఒక అమెరికా అధ్యయనంలో 15 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. చాలావరకు నెమ్మదైన రకమే. ఇటు చూస్తే పెరిగిన పీఎస్‌ఏతో వచ్చినవారిలో నలుగురిలో ముగ్గురికి క్యాన్సర్ ఉండదు. వయసును బట్టి వాడే పాత కొలతలు ఇవి: నలభైల్లో 2.5, యాభైల్లో 3.5, అరవైల్లో 4.5, డెబ్బైల్లో 6.5. అంటే 46 ఏళ్ల మనిషికి 3.8 వస్తే ల్యాబు నార్మల్ అని ముద్ర వేసినా చూపించుకోవాలి. 74 ఏళ్ల మనిషికి పెద్ద గ్రంథితో 5 వస్తే నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

గ్రంథి సైజుతో కలిపి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. కడుపు స్కానింగ్ రిపోర్టులో ప్రోస్టేట్ వాల్యూమ్ అని సీసీల్లో ఉంటుంది. పీఎస్‌ఏను దానితో భాగించండి. పీఎస్‌ఏ 6, గ్రంథి 60 సీసీలు అయితే 0.10. అదే 6కు గ్రంథి 25 సీసీలే అయితే 0.24. గీత 0.15 దగ్గర. అది దాటితే అనుమానం పెరుగుతుంది. స్కానింగ్ కాగితంలో "ప్రోస్టాటోమెగాలీ గ్రేడ్ 2" అని ఉంటే భయపడకండి, అది వాపు ఎంతో చెప్పే మాట, క్యాన్సర్ గ్రేడ్ కాదు.

ఆరో అడుగు: ఎక్కువ వస్తే

ఆ రోజే ఎవరూ బయాప్సీకి పడుకోబెట్టకూడదు. సుమారు నాలుగు వారాల తర్వాత, మూడో అడుగులో చెప్పినవన్నీ పాటించి, అదే ల్యాబులో మళ్లీ చేయించండి. కొంతమందిలో అంకె దానంతట అదే దిగిపోతుంది. మూత్ర పరీక్ష, కల్చర్ (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) కూడా చేయించండి. ఇన్ఫెక్షన్ లేదని తేలినా "మూడు వారాలు యాంటీబయాటిక్ వాడి చూద్దాం" అంటే ఎందుకని అడగండి. ఇన్ఫెక్షన్ లేనివారికి దానివల్ల ప్రయోజనం లేదు. పైగా తర్వాత బయాప్సీ చేయాల్సి వస్తే ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు కడుపులో సిద్ధంగా ఉంటాయి.

రెండోసారి కూడా 4 నుంచి 10 మధ్య ఉంటే అప్పుడు ఫ్రీ పీఎస్‌ఏ పనికొస్తుంది. టోటల్‌లో అది 25 శాతం దాటితే ఊరట, 10 శాతం లోపు ఉంటే అనుమానం.

ఏడో అడుగు: బయాప్సీకి ముందు ఎమ్మారై

ఇది ముందా, బయాప్సీ ముందా అని అడిగితే ఎమ్మారైయే ముందు. బయాప్సీ అయ్యాక గ్రంథిలో రక్తం గడ్డకట్టి కొన్ని వారాల పాటు బొమ్మ మసకబారుతుంది. "మల్టీపారామెట్రిక్ ప్రోస్టేట్ ఎమ్మారై" అని చీటీలో స్పష్టంగా రాయించుకోండి, మామూలు పొత్తికడుపు ఎమ్మారై సరిపోదు. అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. రంగు ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు తీసుకెళ్లండి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి.

రిపోర్టులో పైరాడ్స్ అని, క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె 1 నుంచి 5 దాకా ఉండాలి. లేకపోతే రాయించుకోండి. 1, 2 వచ్చి, ఐదో అడుగులోని లెక్క 0.15 లోపు ఉంటే చాలామంది బయాప్సీ లేకుండా పీఎస్‌ఏ చూసుకుంటూ ఆగొచ్చు. 3 వస్తే ఆ లెక్కే తీర్పు చెబుతుంది. 4, 5 వస్తే బయాప్సీ తప్పదు. ఈ దశలో ఎవరైనా పీఎస్‌ఎమ్‌ఏ పెట్ స్కాన్ చేయిద్దామంటే తొందరపడకండి. అది క్యాన్సర్ రుజువయ్యాక ఎంత దూరం పాకిందో చూసేందుకు వాడేది.

ఎనిమిదో అడుగు: బయాప్సీ

సూదితో 10–12 ముక్కలు, ఎమ్మారైలో కనిపించిన చోటు నుంచి మరికొన్ని తీస్తారు. మలద్వారం గుండా చేస్తారా, వృషణాల వెనక చర్మం గుండా చేస్తారా అని అడగండి. రెండో దారిలో ఇన్ఫెక్షన్ ముప్పు తక్కువ, షుగర్ ఉన్నవారికి ఇది ముఖ్యం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే చెప్పండి. గుండెలో స్టెంటు ఉన్నవారు కార్డియాలజిస్టును అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపకండి.

తర్వాత కొన్ని రోజులు మూత్రంలో, కొన్ని వారాల పాటు వీర్యంలో రక్తపు చారలు రావడం మామూలే. చలితో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రం మామూలు కాదు. ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని తెల్లారేదాకా ఆగకుండా రాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. రక్తంలోకి ఇన్ఫెక్షన్ ఎక్కితే గంటల్లో పరిస్థితి మారిపోతుంది. ఇక "ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది" అనే భయం వల్ల ఆగిపోయేవాళ్లున్నారు. అందులో నిజం లేదు.

రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు, తీసిన ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. రెండో అభిప్రాయానికి హైదరాబాద్ ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రికో, నిమ్స్‌కో, విశాఖ హోమీ భాభా ఆసుపత్రికో వెళ్తే మొదట అడిగేవి అవే. క్యాన్సర్ చికిత్సలు తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉన్నాయి. చేరే ముందే ఆసుపత్రిలోని ఆ కౌంటర్‌లో అర్హత కనుక్కోండి.

తొమ్మిదో అడుగు: క్యాన్సర్ అని వస్తే

గ్లీసన్ స్కోరు చూడండి. బయాప్సీ ముక్కలో ఎక్కువగా కనిపించే రెండు కణాల తీరులకు ఇచ్చే అంకెల మొత్తం అది, క్యాన్సర్ ఎంత దూకుడో చెబుతుంది. 6 అంటే అన్నిటికన్నా నెమ్మదైనది. 3+4 కన్నా 4+3 గట్టిది, రెండూ కలిపితే 7 అయినా సరే. 8 నుంచి 10 వరకు దూకుడు రకం. బ్రిటన్‌లో 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, కేవలం కనిపెట్టి ఉండటం అనే మూడు గుంపులుగా విడగొట్టి 15 ఏళ్లు చూశారు. గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న వాళ్లందరిలో ఆ జబ్బుతో చనిపోయింది 2.7 శాతం. మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుకే గ్లీసన్ 6 వచ్చినవారికి వారంలోపు ఆపరేషన్ అని ఎవరైనా తొందరపెడితే ఇంకో యూరాలజిస్టును కలవండి. కనిపెట్టి ఉండటమంటే గాలికి వదిలేయడం కాదు. ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, ఏటా వేలి పరీక్ష, తగిన సమయంలో మళ్లీ ఎమ్మారై, బయాప్సీ ఉంటాయి. వీటికి రాలేనివారికి ఆ దారి పనికిరాదు.

ఎప్పుడు ఆపాలి

డెబ్బై దాటాక లక్షణాలు లేనివారికి మామూలుగా పీఎస్‌ఏ అక్కర్లేదు. గుండె, కిడ్నీ జబ్బులతో ఉన్న 82 ఏళ్ల నాన్నగారికి ప్యాకేజీలో ఈ పరీక్ష చేయించి, వచ్చిన అంకె పట్టుకుని తిప్పడం ఆయనకు మేలు కాదు. పదేళ్లకు పైగా బతికే ఆరోగ్యం ఉన్నవారి సంగతి వేరు, డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు.

లక్షణాలు ఉంటే మాత్రం ఈ వయసు లెక్కలేవీ వర్తించవు. మూత్రంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నడుము, తుంటి ఎముకల నొప్పి ఉంటే ఎన్నేళ్లైనా చూపించాలి. నడుము నొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా వెన్నుపాము నలుగుతోందని అర్థం. ఆ రోజే అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, "ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంది" లేదా "అనుమానం ఉంది" అని మొదటే చెప్పి వెన్ను ఎమ్మారై అడగండి. ఒకసారి పూర్తిగా పడిపోయిన కాళ్లు తిరిగి రావడం కష్టం.